రోజుకో కాగితం చింపే ‘చరిత్రలో ఈ రోజు’ క్యాలెండర్: పర్లాకిమిడి నుంచి రివ్యూ

ఇంట్లో తిథి, వర్జ్యం, రాహుకాలం చూసుకోవడానికి గోడ మీద తెలుగు క్యాలెండర్ ఉండాల్సిందే. ఈసారి మామూలుది కాకుండా, అడుగున ‘చరిత్రలో ఈ రోజు’ అని మూడు నాలుగు లైన్లు వేసే రోజువారీ క్యాలెండర్ తీసుకున్నాం. ఆంధ్ర సరిహద్దుకి ఆనుకుని ఒడిశాలో ఉన్న మా పర్లాకిమిడి బజార్లో పూజాసామాన్ల కొట్లో దొరికింది, 220 రూపాయలు. డబ్బులు దండగ కాలేదని ముందే చెప్పేస్తున్నా.

తారీఖు పెద్దగా, ఎర్రగా ఉంటుంది, అమ్మకి కళ్లజోడు లేకపోయినా కనపడుతుంది. కాగితం మాత్రం పల్చన. చింపేటప్పుడు పైన గమ్ అంటించిన చోట సగం ముక్క అట్టకే ఉండిపోతుంది, వానాకాలంలో అంచులు చుట్టుకుపోతాయి.

అసలు సంగతి ఆ కింది లైన్లు. ఆగస్టు 29 కాగితం మా ఇంట్లో ఎవరూ పారేయలేదు. 1863లో గిడుగు రామమూర్తి గారు పుట్టిన రోజు, 1905లో హాకీ ధ్యాన్‌చంద్ పుట్టిన రోజు, రెండూ పక్కపక్కన వేశారు. ఒకరి పేరు మీద తెలుగు భాషా దినోత్సవం, ఇంకొకరి పేరు మీద జాతీయ క్రీడా దినోత్సవం. గిడుగు గారు మా ఊళ్లోనే మాస్టారుగా పనిచేశారు, చుట్టుపక్కల కొండల మీది సవరల భాష నేర్చుకుని దానికి వ్యాకరణం, నిఘంటువు రాశారు. ఒడియా మీడియంలో చదివే మా పిల్లకి ధ్యాన్‌చంద్ తెలుసు, గిడుగు గారు తెలీదు. ఆ ఒక్క కాగితంతో తెలిసింది. ఇలాంటివాటికి నేను ఎంతైనా పెడతాను.

మరి ఏప్రిల్ 1కి ఏం చేశారు? 1935లో రిజర్వ్ బ్యాంక్ మొదలైందని ఒక లైను, ఫూల్స్ డే అని ఇంకో లైను. అంతే! 1936లో అదే రోజున ఒడిశా ప్రత్యేక రాష్ట్రం అయింది, మద్రాసు ప్రెసిడెన్సీలో ఉన్న మా ఊరు ఇటు వచ్చింది. దాన్ని ఒప్పుకోలేకే గిడుగు గారు ఊరు వదిలి రాజమండ్రి వెళ్లిపోయారు. ఏడాది తిరగ్గానే, మళ్లీ ఏప్రిల్ 1నే, మా మహారాజు కృష్ణచంద్ర గజపతి గారు ఒడిశాకి మొదటి ప్రధానిగా (ఇప్పటి ముఖ్యమంత్రి లాంటి పదవి) బాధ్యత తీసుకున్నారు. ఇవన్నీ ఒకే తారీఖున పడడం విచిత్రమేమీ కాదు, బ్రిటిష్ వాళ్ల కాలం నుంచీ ప్రభుత్వ లెక్కల సంవత్సరం మొదలయ్యేది ఆ రోజే కాబట్టి కొత్త ఏర్పాట్లన్నీ అప్పుడే పెట్టుకునేవాళ్లు. ఇలాంటి కారణం ఒక్క ముక్క రాస్తే చాలు, చదివేవాళ్లకి గుర్తుండిపోతుంది. సరిహద్దుకి ఇటు కూడా అమ్ముతున్నప్పుడు ఇటు చరిత్ర వదిలేయడం నాకైతే చాలా బాధగా అనిపించింది.

అక్టోబరు 12 పేజీ బాగా చేశారు. 2013లో ఫైలిన్ గోపాలపూర్ దగ్గర తీరం దాటింది, సరిగ్గా ఏడాదికి అదే తారీఖున హుద్‌హుద్ విశాఖ మీద పడింది. బంగాళాఖాతంలో తుఫాన్ల కాలమే అది. 2018లో తిత్లీ కూడా ఒక్కరోజు ముందు, 11న తెల్లవారుజామున పలాస దగ్గర దాటి మా గజపతి జిల్లాని అతలాకుతలం చేసింది. 11 పేజీలో తిత్లీ ఉందా అని వెంటనే తిరగేసి చూశాను, ఉంది. థాంక్స్ చెప్పాలి వాళ్లకి.

ఒక తప్పు మాత్రం వచ్చేసారైనా దిద్దాలి. షేక్‌స్పియర్, స్పెయిన్ రచయిత సెర్వాంటెస్ ఇద్దరూ 1616 ఏప్రిల్ 23న ఒకే రోజు పోయారని వేశారు. స్పెయిన్ అప్పటికే ఇప్పుడు మనం వాడే గ్రెగోరియన్ క్యాలెండర్‌కి మారింది, ఇంగ్లండ్ 1752 దాకా పాత జూలియన్‌లోనే ఉంది, రెంటికీ అప్పట్లో పది రోజుల తేడా, కాబట్టి తారీఖు ఒకటే అయినా రోజు ఒకటి కాదు. పైగా సెర్వాంటెస్ పోయింది 22న, 23 ఆయన్ని పాతిపెట్టిన రోజు. క్యాలెండర్ వేసేవాళ్లే క్యాలెండర్ లెక్కలో పొరపడితే ఎలా?

జులై 4 దగ్గర కూడా ఇంకా రాయొచ్చు. అమెరికా స్వాతంత్ర్య ప్రకటన 1776 అని వేసి ఊరుకున్నారు. దానికి సరిగ్గా యాభై ఏళ్లకి, 1826 జులై 4న, అమెరికా మాజీ అధ్యక్షులు జాన్ ఆడమ్స్, థామస్ జెఫర్సన్ ఇద్దరూ ఒకే రోజు చనిపోయారు. ఈ ఇద్దరిదీ ఒకే క్యాలెండర్, లెక్కలో ఏ తేడా లేదు. 1902లో వివేకానందుడు పోయిందీ ఆ తారీఖే.

మొత్తానికి ఐదుకి మూడున్నర ఇస్తాను. పిల్లలున్న ఇంటికి తప్పకుండా తీసుకోండి. కొనేటప్పుడు మేకుకి తగిలించే కన్నం దగ్గర అట్ట గట్టిగా ఉందో లేదో చూసుకోండి, మాది సంక్రాంతి దాటకుండానే చిరిగి దారం కట్టాల్సొచ్చింది. బరంపురం, రాయగడ వైపు ఇలాంటిదే ఇంకెవరిదైనా దొరుకుతుంటే, అందులో ఏప్రిల్ 1కి ఏం వేశారో చూసి చెప్పండి.