కుట్టు మిషన్‌కు ఏ నూనె మేలు: మిషన్ ఆయిలా, కొబ్బరినూనెనా, కిరోసినా?

బతుకమ్మ పండుగ దగ్గర పడుతుందంటే చాలు, మూలకు పెట్టిన మిషన్ల మీద ముసుగులు తీస్తారు. తొక్కితే బరువుగా తిరుగుతుంది, కిర్రుమంటుంది. నల్లగొండలో నా దగ్గర కుట్టు నేర్చుకుని వెళ్లినవాళ్లు దేవరకొండ నుంచి, మిర్యాలగూడ నుంచి ఫోన్ చేసి అడిగేది అప్పుడే. "అక్కా, మిషన్ ఆయిల్ అయిపోయింది, ఇంట్ల ఉన్న కొబ్బరినూనె వేయొచ్చా?" అని ఒకరు. "బాగుచేసే ఆయన కిరోసిన్ పోయమన్నడు, పోయమంటారా?" అని ఇంకొకరు. ఫోన్లో ముక్కలు ముక్కలుగా చెప్తే సగమే ఎక్కుతుంది. అందుకే ఇక్కడ పూర్తిగా రాస్తున్నాను.

ప్లేటు విప్పడం, బాబిన్ కేసు తీయడం, బ్రష్షుతో పీచు దులపడం మీకు తెలిసినవే కాబట్టి వాటి జోలికి పోను. నూనె సంగతే చూద్దాం.

టైలర్ షాపులో మిషన్ పొద్దున్నుంచి రాత్రి దాకా తిరుగుతూనే ఉంటుంది. పాత నూనె అరుగుదల మురికిని తీసుకుని బయటికి వచ్చేస్తుంది, రోజూ కొత్త చుక్క పడుతుంది. అక్కడ ఏదో ఒక నూనెతో పని గడిచిపోతుంది. ఇంటి మిషన్ సంగతి వేరు. శ్రావణమాసంలో నాలుగు రోజులు, దసరాకు ఒక వారం, ఇంట్లో పెండ్లి ఉంటే ఇంకొన్ని రోజులు తిరుగుతుంది. మిగతా నెలలన్నీ ముసుగు కిందనే. నూనె వేసిన రోజు మిషన్ ఎంత తేలిగ్గా తిరిగిందో చూసి చాలామంది మురిసిపోతారు. ఆ రోజు వంటనూనె వేసినా తేలిగ్గానే తిరుగుతుంది. మూడు నెలలు కదలకుండా ఉన్నాక లోపల ఆ నూనె ఏమైంది? నూనెను ఎంచుకునేటప్పుడు నేను చూసేది అదొక్కటే. ధర, వాసన, దొరకడం ఇవన్నీ దాని తర్వాత.

ఇక కొబ్బరినూనె. దీన్ని తీసిపారేయడం నాకు ఇష్టం లేదు. మిషన్ ఆయిల్ సీసా కోసం టౌనుకు పోవాల్సిన రోజుల్లో మన అమ్మలు, అమ్మమ్మలు దీంతోనే మిషన్లు నడిపారు. మిగతా వంటనూనెలతో పోలిస్తే ఇది జిగటగా మారడానికి ఎక్కువ కాలం పడుతుంది కూడా. అర్జెంటుగా ఒక్క జాకెట్ పూర్తి చేయాలి, షాపులు మూసేశారు అంటే ఒక చుక్క వేసుకుంటే మిషనేం పాడైపోదు. కానీ కొబ్బరినూనె సుమారు 24 డిగ్రీల దగ్గర గడ్డకడుతుంది. మన దగ్గర డిసెంబరు, జనవరి రాత్రుల్లో చలి అంతకంటే చాలా కిందికి దిగుతుంది. బాత్రూంలో సీసా తెల్లగా పేరుకుపోయి, ఎండలో పెడితేనే కరిగే రోజులు అవి. సీసాలో పేరుకున్న నూనె మిషన్ లోపల పేరుకోకుండా ఉంటుందా? సంక్రాంతికి పిల్లల లంగాలు కుడదామని కూర్చుంటే చక్రం చేతికి బరువుగా తగిలేది అందుకే. ఎండ ముదిరాక కరుగుతుంది నిజమే. ఆలోపు అది పీచును పట్టుకుంటుంది.

ఆ పీచు గురించి కాస్త ఎక్కువే చెప్పాలి, ఎందుకంటే మనం కుట్టేది ఎక్కువగా నూలు. పోచంపల్లి నూలు గుడ్డ గానీ, నారాయణపేట నూలు చీర గానీ కొత్తగా ఉన్నప్పుడు గంజితో ఉంటుంది. సూది పడ్డ ప్రతిసారీ ఆ గంజి పొడి, నూలు పీచు రాలి ప్లేటు కిందికి, సూది కింద దారాన్ని పట్టి కుట్టు వేసే షటిల్ తిరిగే గాడిలోకి పోతాయి. దానికి మన చెల్కల ఎర్రదుమ్ము తోడవుతుంది. మిర్యాలగూడ వైపు రైస్ మిల్లుల దగ్గర ఉండేవాళ్లకు ఊకదుమ్ము అదనం. పొడిగా ఉన్నంతసేపు ఇదంతా బ్రష్షుతో ఊడి వస్తుంది. జిడ్డు నూనె తగిలితే ముద్దగా మారి, ఎండాకాలం వేడికి మైనపు పొరలా గట్టిపడుతుంది. ఇక బ్రష్షుకు రాదు, సూదిమొనతో గీకాలి. పల్లినూనె, సన్‌ఫ్లవర్ నూనె అయితే ఇంకా అన్యాయం. గాలి తగిలిన కొద్దీ అవి జిగురులా సాగుతాయి. దోసె పెనం అంచుకు పట్టిన నల్లటి జిడ్డును చూస్తారు కదా, మిషన్ లోపల జరిగేది అదే. అర్జెంటుకు వేసే ఆ ఒక్క కొబ్బరినూనె చుక్క తప్ప, వంటగదిలోని ఏ నూనె సీసానూ మిషన్ దగ్గరికి రానివ్వకండి.

కిరోసిన్ విషయంలో చాలామంది రెండు వేరువేరు పనులను ఒకటిగా చూస్తున్నారు. కిరోసిన్ కరిగిస్తుంది, మురికిని వదిలిస్తుంది. కందెనగా మాత్రం నిలవదు. పోయగానే చక్రం గాలిలో తిరిగినట్టు తిరుగుతుంది, ఎందుకంటే పట్టి ఉన్న జిడ్డంతా వదిలింది. కొన్ని రోజులకు అది ఆవిరైపోతుంది. అప్పుడు ఇనుము మీద ఇనుము ఒట్టిగా రాసుకుంటుంది. "గాసునూనె పోసినంక నెల బాగ నడిచింది, తర్వాత ముందుకంటె ఎక్కువ సప్పుడు చేస్తున్నది" అనేవాళ్ల మిషన్ కథ ఇదే. బాగుచేసే ఆయన పోయమన్నది తప్పు కాదు, తర్వాత చేయాల్సిన సగం పని మనం వదిలేశాం.

ఏళ్ల తరబడి మూలన పడి బిగుసుకుపోయిన పాత కాలి మిషన్‌కు కిరోసిన్‌ను మించింది లేదని నా నమ్మకం. అమ్మమ్మ మిషన్ బయటికి తీసి వాడుకుందాం అనుకునేవాళ్లు ఇట్లా చేయండి. సూది, బాబిన్ కేసు, బెల్టు తీసేయండి. మిషన్ హెడ్డును వెనక్కి వాల్చి, నూనె రంధ్రాలన్నిటిలో, కింద రాడ్లు కలిసే ప్రతి కీలు దగ్గర కొద్దికొద్దిగా కిరోసిన్ వేసి కొన్ని గంటలు నాననివ్వండి. తర్వాత చక్రాన్ని చేత్తో మెల్లగా అటూ ఇటూ ఆడించండి, బలం పెట్టొద్దు. నల్లటి మడ్డి కారుతుంది. పాత నూలుగుడ్డతో తుడిచి, మళ్లీ వేసి, మళ్లీ తుడవాలి. కారేది తేటగా వచ్చేదాకా ఓపిక పట్టాలి. పూర్తిగా ఆరాక అదే రోజు మిషన్ ఆయిల్ వేయాలి. రేపు వేద్దాంలే అని వదిలేస్తే ఒట్టి ఇనుముకు తుప్పు మొదలవుతుంది.

ఒక హెచ్చరిక మాత్రం గట్టిగా చెప్తున్నాను. మోటారు ఉన్న మిషన్‌కు కిరోసిన్ వాడొద్దు. 35, 40 డిగ్రీల వేడికే దాని ఆవిరి నిప్పు అంటుకునే స్థితికి వస్తుంది. మన ఎండాకాలం 44 డిగ్రీలు చూస్తుంది. మోటారు లోపల కార్బన్ బ్రష్షుల దగ్గర నిప్పురవ్వలు పుడుతూనే ఉంటాయి. చేయక తప్పదంటే మోటారును పూర్తిగా విప్పి పక్కన పెట్టి, ఆరుబయట, పొయ్యికి దూరంగా చేయాలి. కిరోసిన్ దొరకడం లేదని పెట్రోలు వాడేవాళ్లున్నారు. దయచేసి ఆ పని చేయకండి, ప్రాణాల మీదికి వస్తుంది.

మిషన్ ఆయిల్ అంటే రంగూ వాసనా పోయేదాకా శుద్ధి చేసిన పల్చటి ఖనిజ నూనె. చలికి పేరుకోదు, గాలికి జిగురెక్కదు. దాని గొప్పతనమంతా అదే. నెలలు గడిచినా వేసినచోట పల్చటి పొరగా నిలుస్తుంది, కిరోసిన్‌లా ఎగిరిపోదు. ఇంటి మిషన్‌కు కావలసింది సరిగ్గా ఇది. అందుకే ఎవరడిగినా నేను చెప్పేది దీన్నే. చిన్న సీసా మామూలు కుట్టుకు ఏడాది దాటి వస్తుంది, కాబట్టి ఖర్చు గురించి ఆలోచించాల్సిన పని లేదు.

లోపం లేదని కాదు. పేరు లేని సీసాల్లో లూజుగా పోసి అమ్మే నూనె కొన్నిచోట్ల పసుపుగా, చిక్కగా ఉంటుంది. మంచిది నీళ్లలా తేటగా ఉండాలి. వేళ్ల మధ్య రుద్దితే జిడ్డు తెలియాలి గానీ బంక తెలియకూడదు. కొన్న రోజే గాజు మీద ఒక చుక్క వేసి, దుమ్ము పడకుండా గిన్నె బోర్లించి వారం ఆగి చూడండి. వేలికి అంటుకుని సాగితే ఆ సీసాను తలుపు బందులకు వాడుకోండి. ఇంకో ఇబ్బంది ఏమిటంటే, పల్చగా ఉంటుంది కాబట్టి ఎక్కువ వేస్తే కారి దారానికి ఎక్కుతుంది. గద్వాల చీరకు ఒళ్లు నూలు, అంచు పట్టు. ఫాల్ కుట్టేటప్పుడు ఆ పట్టు అంచు మీద నూనె మరక పడితే ఇంట్లో ఉతికి వదిలించడం కష్టం. రంధ్రానికి ఒక్క చుక్క, షటిల్ గాడిలో ఒక్క చుక్క. వేశాక దారం లేకుండా పాత గుడ్డ మీద కాసేపు కుట్టండి. ఫుట్ కింద మడత గుడ్డ పెట్టి, ఫుట్ దించి రాత్రంతా వదిలేయండి. పొద్దున ఆ గుడ్డకు మరక అంటకుండా ఉంటేనే మంచి బట్ట పెట్టండి.

రోజూ గంటల తరబడి కుట్టేవాళ్లు షటిల్ గాడిలో రోజూ చుక్క వేయాలి. అప్పుడప్పుడు కుట్టేవాళ్లు కుట్టడానికి కూర్చునే ముందు ఒకసారి, మిషన్‌కు ముసుగు వేసే ముందు ఒకసారి వేయాలి. ఈ రెండోదాన్ని చాలామంది పట్టించుకోరు. నాకైతే అదే ముఖ్యం. మిషన్ ఆగి ఉండబోయేది ఆ నూనె మీదనే. ముందు పీచు దులిపి, తర్వాతే నూనె. దులపకుండా వేస్తే ఎంత మంచి నూనె అయినా పీచులో ఇంకిపోతుంది.

పై దారాన్ని బిగించి పట్టే టెన్షన్ పళ్లేల మధ్య ఏ నూనె వేసినా తప్పే. అక్కడ ఒట్టి గుడ్డ పేలికను దూర్చి లాగితే చాలు. బెల్టుకు, బాబిన్ చుట్టే రబ్బరు రింగుకు, మోటారుకు కూడా నూనె తగలకూడదు.

మిగిలినవి రెండు. బండి ఇంజిన్ ఆయిల్ హెడ్డుకు మరీ చిక్కన, బట్టకు అంటితే పోదు. కాలి మిషన్ కింద పెడల్ ఆడేచోట, పెద్ద చక్రం ఇరుసుకు మాత్రం బాగానే పనిచేస్తుంది. డబ్ల్యూడీ-40 లాంటి స్ప్రే తుప్పు పట్టిన స్క్రూ వదలడానికి మంచిది. 1953లో దాన్ని తయారు చేసిందే లోహం మీద తేమను తరిమి తుప్పును ఆపడానికి. రోజువారీ కందెనగా దాని మీద ఆధారపడొద్దు.

దుమ్ముకు బ్లోయరా, బ్రష్షా అంటే బ్రష్షే. బ్లోయర్ గాలి పీచును ఇంకా లోపలికి తోస్తుంది.

కొత్తగా ప్లాస్టిక్ బాడీ జిగ్‌జాగ్ మిషన్ కొన్నవాళ్లు పైన చెప్పిందంతా గుడ్డిగా పాటించొద్దు. కొన్ని మోడళ్లలో లోపలి భాగాలకు ఫ్యాక్టరీలోనే గ్రీజు పెట్టి వదిలేస్తారు, ఇంట్లో నూనె వేయాల్సిన చోట్లు ఒకటి రెండే ఉంటాయి. పైనుంచి బాబిన్ పడే రకంలో ప్లాస్టిక్ బాబిన్ గిన్నెకు నూనె అక్కర్లేదు, తుడిస్తే చాలు. మిషన్‌తో వచ్చిన పుస్తకంలో బాణం గుర్తులతో చూపిస్తారు, అక్కడే వేయండి. ప్లగ్ పీకాకే చేయి పెట్టండి.

శుభ్రం చేసి, సరైన నూనె వేసి, కొత్త సూది పెట్టినా కుట్టు దాటుతుంటే లోపం నూనెది అయ్యుండదు. ఇంటి మిషన్‌కు 15×1 రకం సూది కావాలి. సూదులు అమ్మేవాళ్లు టైలర్ షాపుల్లోని జూకీ మిషన్‌కు వాడే డీబీ రకం ఇస్తే కుట్టు పడదు, ముందు అది చూసుకోండి. సూది సరైనదే అయితే షటిల్, సూది కడ్డీ టైమింగు తప్పి ఉండొచ్చు. ఆ స్క్రూలను ఇంట్లో కదపకుండా మెకానిక్ దగ్గరికి తీసుకుపోండి. పండుగ ముందు వారం వాళ్లకు ఊపిరాడదు, బతుకమ్మ మొదలయ్యే పెత్రామాసకు నెల ముందే పోతే నెమ్మదిగా చూసి చేస్తారు.