రీసెర్చ్ ఇంటర్న్‌షిప్ అని డబ్బులు కట్టబోతున్నారా? ఒక్క నిమిషం ఆగండి

కర్నూలులో ఎంబీబీఎస్ మూడో సంవత్సరం చదువుతున్నాను. మా నాయన మార్కెట్ యార్డులో ఎర్రగడ్డల వ్యాపారం చేస్తాడు. ఆయన ఇచ్చిన 14,999 రూపాయలు ఎక్కడ పోసి వచ్చానో చెప్పుకోవడానికి సిగ్గుగానే ఉంది. కానీ ఆ సంస్థ పోస్టరే "సెలవుల బ్యాచ్" అంటూ మొన్న మా జూనియర్ల వాట్సాప్ గ్రూపులో మళ్ళీ కనిపించింది. అందుకే రాస్తున్నాను.

పోస్టర్ చూస్తే ఎవరికైనా ఆశ పుడుతుంది. ఎనిమిది వారాల ఆన్‌లైన్ ఇంటర్న్‌షిప్, అమెరికా డాక్టర్ల మెంటార్‌షిప్, పబ్‌మెడ్ (వైద్య పరిశోధన పేపర్లు వెతుక్కునే అమెరికా ప్రభుత్వ డేటాబేస్) పబ్లికేషన్ గ్యారంటీ, సర్టిఫికెట్, సీట్లు 20 మాత్రమే. నాకు అమెరికాలో డాక్టరు కావడానికి రాసే యూఎస్‌ఎమ్‌ఎల్‌ఈ పరీక్షలు రాయాలని ఉంది. వాటిలో మొదటిదైన స్టెప్ 1కు 2022 జనవరి నుంచి స్కోరు తీసేసి పాస్, ఫెయిల్ మాత్రమే ఇస్తున్నారు కాబట్టి రెసిడెన్సీకి (అక్కడి పీజీ శిక్షణకు) రీసెర్చ్ పేపర్లు కావాలన్న టెన్షన్ అందరిలోనూ ఉంది. వీళ్ళ వ్యాపారం నడిచేది ఆ టెన్షన్ మీదే. ఇక్కడే పీజీ చేసేవాళ్ళకైతే నీట్ పీజీ ర్యాంకే లెక్క, పేపర్లకు మార్కులేమీ కలవవు. అయినా అలాంటివాళ్ళు కూడా మా బ్యాచ్‌లో ముగ్గురు కట్టారు, పక్కవాళ్ళు కడుతున్నారని.

20 సీట్లే అన్న గ్రూపులో చేరాక చూస్తే 140 మందికి పైగా ఉన్నాం. క్లాసులన్నీ ముందే రికార్డు చేసిన వీడియోలు. అమెరికా డాక్టరుగారు రెండే సార్లు లైవ్‌లోకి వచ్చారు, రెండుసార్లూ కెమెరా ఆన్ చేయలేదు. సరే, డబ్బుకు తగ్గ చదువే అనుకుని సర్దుకున్నాను. అక్కడితో ఆగినా ఇది రాసేదాన్ని కాదు.

మూడో వారంలో మెసేజ్ వచ్చింది: "మీ హాస్పిటల్‌లో అరుదైన కేసులుంటే కేస్ షీటు, ఎక్స్‌రే ఫొటోలు పంపండి. ఒక్కో కేసుకు ఒక ఆథర్ స్లాట్ ఫ్రీ." అంటే పేపర్ రాసినవాళ్ళలో ఒకరిగా పేరు వేస్తారన్నమాట. అప్పుడు నాకు పెద్దాసుపత్రిలో మెడిసిన్ పోస్టింగ్. ఆలూరు వైపు నుంచి వచ్చిన ఒక అవ్వ నన్ను కూడా "డాక్టరమ్మా" అనే పిలిచేది. నిజం చెప్పాలంటే ఫోన్ చేతిలోకి తీసుకున్నాను కూడా. పక్కనే ఉన్న పీజీ అక్కను మాటవరసకు అడిగితే కసిరింది. "ఆమె సంతకం ఉందా? ఎథిక్స్ కమిటీని అడిగావా? ఎవరికి పంపుతున్నావో నీకే తెలియదు కదా పాపా." ఫోన్ జేబులో పెట్టేశాను. గ్రూపులో మాత్రం ఆ వారమంతా ఫొటోలు వస్తూనే ఉన్నాయి. కొన్నింటిలో పేషెంటు పేరు, ఆసుపత్రిలో చేరినప్పుడు ఇచ్చే ఐపీ నంబరు కూడా చెరపలేదు.

ఏడో వారంలో "పేపర్ రెడీ" అన్నారు. ప్రాసెసింగ్ ఛార్జీ కింద 6,500 కట్టాలట. ఫస్ట్ ఆథర్ కావాలంటే దానిపైన మరో 12,000. గ్యారంటీ అన్నారు కదా అని అడిగితే, గ్యారంటీ పబ్లికేషన్‌కే గానీ ఛార్జీకి కాదన్నారు. మెస్‌కు దాచుకున్న డబ్బు తీసి 6,500 కట్టాను. అది కూడా సంస్థ ఖాతాకు కాదు, ఎవరో మనిషి పేరున ఉన్న యూపీఐకి. ఆ ఒక్కటి చూసైనా ఆగి ఉండాల్సింది.

సబ్మిట్ చేసిన మూడో రోజుకే యాక్సెప్ట్ అయింది. షుగర్ పేషెంట్ల కాళ్ళ పుండ్ల మీద సర్వే, 212 మంది. ఏ ఆసుపత్రిలో చేశారో పేపర్ మొత్తం వెతికినా కనిపించలేదు. తొమ్మిది మంది ఆథర్లలో నాది నాలుగో పేరు. ఆ డేటా నేను ఒక్క వరుస కూడా చూడలేదు. నా పేరు కింద మా కాలేజీ పేరు అచ్చు వేసేశారు, కాలేజీకి ఒక్క ముక్క తెలియదు. పబ్‌మెడ్‌లో వెతికితే లేదు. అడిగితే గూగుల్ స్కాలర్ లింకు పంపి "ఇండెక్స్ అయింది" అన్నారు. గూగుల్ స్కాలర్ ఎవరినీ ఎంపిక చేయదు, నెట్‌లో దొరికిన పేపర్లను తనంతట తానే ఏరుకుంటుంది. జర్నల్ అట్ట మీద ఐఎస్‌ఎస్‌ఎన్ పెద్ద అక్షరాలతో ఉంది. అది పత్రికకు ఇచ్చే ఎనిమిది అంకెల గుర్తింపు సంఖ్య మాత్రమే, నాణ్యతకు ముద్ర కాదు. ఇవన్నీ నాకు డబ్బు పోయాక తెలిశాయి.

కమ్యూనిటీ మెడిసిన్ మేడమ్ దగ్గరికి వెళ్ళి చెప్పుకున్నాను. ఐసీఎంజేఈ (వైద్య జర్నళ్ళ ఎడిటర్ల అంతర్జాతీయ కమిటీ) నియమాల ప్రకారం ఆథర్ కావాలంటే నాలుగు షరతులూ ఉండాలన్నారు: పనిలో నిజమైన పాత్ర, రాయడంలోనో దిద్దడంలోనో చేయి, చివరి ప్రతికి ఆమోదం, ఎవరైనా ప్రశ్నిస్తే జవాబు చెప్పే బాధ్యత. "డేటా ఎక్కడిదో చెప్పలేనిదానివి, ఆ పేపర్ నీది ఎట్లవుతుందమ్మా?" అన్నారు. నా పేరు తీసేయమని జర్నల్‌కు రాస్తే విత్‌డ్రాయల్ ఫీజు 200 డాలర్లు అడిగారు. ఎక్కడానికి టికెట్టు, దిగడానికి ఇంకో టికెట్టు. ఇప్పుడు నా పేరు గూగుల్‌లో కొడితే మొదట వచ్చేది ఆ పేపరే. రేపు ఇంటర్వ్యూలో ఎవరైనా దాని గురించి అడిగితే ఏం చెప్పాలో నాకు తెలియదు.

జర్నల్ సంగతి తేల్చుకోవడానికి రూపాయి ఖర్చు లేదు. ఎన్‌ఎల్‌ఎమ్ (అమెరికా జాతీయ వైద్య గ్రంథాలయం) ఆన్‌లైన్ కేటలాగ్‌లో జర్నల్ పేరు కొట్టి, పబ్‌మెడ్‌లో ఎంపిక చేసిన జర్నళ్ళ భాగమైన మెడ్‌లైన్‌లో ప్రస్తుతం ఇండెక్స్ అవుతోందన్న లైను ఉందో లేదో చూడండి. కేటలాగ్‌లో పేరు ఉన్నంత మాత్రాన సరిపోదు. జర్నల్ పేరే చెప్పకుండా ముందు డబ్బు అడిగితే ఇంక మాట్లాడాల్సిందేమీ లేదు.

నిజంగా రీసెర్చ్ నేర్చుకోవాలంటే మనకు ఐసీఎంఆర్ (భారత వైద్య పరిశోధన మండలి) షార్ట్ టర్మ్ స్టూడెంట్‌షిప్ ఉంది. 1979 నుంచి నడుస్తోంది. రెండు నెలల ప్రాజెక్టు, మన కాలేజీ అధ్యాపకులే గైడు, ఎథిక్స్ కమిటీ అనుమతి తప్పనిసరి. మనం కట్టడం కాదు, రిపోర్టు ఆమోదం పొందితే వాళ్ళే మనకు స్టైపెండ్ ఇస్తారు. దీనికి నోటిఫికేషన్ వచ్చినప్పుడు నేను "ప్రపోజల్ ఎవరు రాస్తారులే" అని వదిలేశాను.

ఇప్పటికే కట్టి ఉంటే రసీదులు, చాట్‌లు, పోస్టరు స్క్రీన్‌షాట్ తీసి పెట్టుకోండి, గ్రూపు నుంచి తీసేశాక ఏమీ మిగలవు. నేను ప్రశ్న అడిగిన రోజే నన్ను తీసేశారు. వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కు ఫిర్యాదు చేశాను. రీఫండ్ లేదని నిబంధనల్లో ఉందని సంస్థ జవాబిచ్చింది. ఇక జిల్లా వినియోగదారుల కమిషన్‌కు పోవాలి. కట్టిన సొమ్ము 5 లక్షల లోపు అయితే ఫీజు లేదు. మా బ్యాచ్‌లో ఇంకో ఇద్దరు కలుస్తామన్నారు.

నాయనకు ఇదంతా ఇంకా చెప్పలేదు. పోయిన ఆదివారం ఇంటికి వెళితే, ఆ సర్టిఫికెట్‌కు ఫ్రేము కట్టించి హాల్లో టీవీ పైన తగిలించి ఉంచాడు.