కలం పేరు వెనుక మనిషి: బయటపెట్టడం మేలా, దాచడం మేలా?

విశాఖ కథాపాఠకులకు ‘బీనాదేవి’ని పరిచయం చేయనక్కరలేదు. ఆ పేరు వెనుక ఉన్నది న్యాయశాఖలో పనిచేసిన భాగవతుల నరసింగరావు, ఆయన భార్య త్రిపురసుందరమ్మ అని ఈనాడు అందరికీ తెలుసు. కోర్టుల లోగుట్టును కథలుగా మలిచే ఉద్యోగి అసలు పేరును, ఆయన కొలువులో ఉండగానే, ఒక విలేకరి ఆరా తీసి అచ్చువేస్తే పాఠకుడికి ఒరిగేదేమిటి?

బయటపెట్టాలనేవారి వాదన తేలికైనది కాదు. 2016 అక్టోబరులో ఇటలీ పాత్రికేయుడు క్లాడియో గాటీ, ప్రచురణకర్త చెల్లింపులనూ స్థిరాస్తి పత్రాలనూ పట్టుకుని, ‘ఎలెనా ఫెరాంటే’ అనే కలం పేరుతో రాసే నవలాకారిణి ఎవరో తేల్చానని ప్రకటించారు. తన గురించి ఆమె రాసుకున్న వివరాలు నిజం కావు కనుక పాఠకులకు తెలుసుకునే హక్కు ఉందన్నారు. నవలాకారిణి తన బాల్యాన్ని కల్పించుకోవడం దొంగ దస్తావేజు సృష్టించడంతో సమానం కాదు కనుక, ఆ వాదన నాకు రుచించదు.

బ్రిటన్‌లో 2009లో మారుపేరుతో ఉద్యోగానుభవాలు రాస్తున్న పోలీసు అధికారి పేరును ‘ది టైమ్స్’ వేయకుండా ఆపడానికి హైకోర్టు నిరాకరించింది. పేరు వచ్చింది, ఆయనకు శాఖాపరమైన హెచ్చరికా వచ్చింది. విలేకరి ఆయన ఈమెయిల్‌లోకి అనుమతి లేకుండా చొరబడ్డాడన్న సంగతి 2012లో గానీ బయటపడలేదు. మన ప్రెస్ కౌన్సిల్ చట్టం, 1978, 15వ సెక్షన్ ప్రకారం వార్త ఎవరిచ్చారో చెప్పమని కౌన్సిల్ పాత్రికేయుణ్ణి నిర్బంధించలేదు. తనకు ఆ రక్షణ కోరుకునేవాడు ఎదుటివాడి ముసుగు లాగే ముందు కాస్త జంకాలి.

అయితే భోగాపురం విమానాశ్రయం చుట్టుపక్కల భూములను మారుపేరుతో పొగుడుతూ, అసలు పేరుతో అక్కడే ప్లాట్లు అమ్ముకునేవాడి సంగతి వేరు. అక్కడ పేరే వార్త, వేయకపోవడమే తప్పు. అప్పుడైనా ముందుగా అతని వివరణ అడగాలి.

ఈ రెండింటికీ నడుమ మన పత్రికల పాత పద్ధతి ఒకటుంది: సొంత రచనే అన్న హామీ పత్రంతోపాటు అసలు పేరు, చిరునామా ఆఫీసులో ఉంటాయి, అచ్చులో ఉండవు. బాధ్యతా తప్పదు, ఉద్యోగమూ పోదు. అందుకే నా మొగ్గు దీనివైపే. నేను డెస్కులో ఉన్నప్పుడు ఉక్కునగరం నుంచి వచ్చిన కథకు ఒక చీటీ జతచేసి ఉంది: “పేరు మాత్రం వేయకండి, మా ఆఫీసరు గారు మీ పత్రిక చదువుతారు.” పారితోషికం మనియార్డరు అసలు పేరుకే వెళ్లింది, కథ కలం పేరుతోనే వచ్చింది.