మోడరేటర్ల పెత్తనం: రెడ్డిట్ పద్ధతా, వికీపీడియా పద్ధతా, ఏది మేలు?

"పోస్టు తీసేశారు. కారణం చెప్పలేదు. అడిగితే మ్యూట్ చేశారు. మోడరేటర్లు న్యాయంగా ఉండే చోటు ఏదైనా ఉందా?" చాలామంది ఇదే అడుగుతున్నారు. మనుషులు మంచివాళ్ళా కాదా అన్నది తర్వాత. ముందు వాళ్ళు చేసే పని నలుగురికీ కనిపిస్తుందా లేదా చూడండి. నా లెక్కలో తేల్చేది అదొక్కటే.

రెడ్డిట్ అంటే సబ్‌రెడ్డిట్లు అనే చర్చా బృందాలుండే సైటు. అక్కడ పోస్టుల మీద అజమాయిషీ చేసే మోడరేటర్లు జీతం లేకుండా పనిచేస్తారు. స్పామ్ అంతా ఊడ్చేది వాళ్ళే, అది చిన్న కష్టం కాదు. కానీ వాళ్ళ లాగ్, అంటే ఎవరు ఏం తీసేశారన్న చిట్టా, మామూలు సభ్యులకు కనపడదు. మీ కామెంట్ తీసేసినా, చాలాసార్లు లాగిన్ అయి ఉన్నంతసేపు మీకు మాత్రం అది అక్కడే ఉన్నట్టు కనిపిస్తుంది. లాగౌట్ అయి చూస్తే గానీ సంగతి తెలియదు. ఒక్కరూ జవాబివ్వలేదేమిటా అని ఎదురుచూస్తూ కూర్చోవాలి. నాకు అన్నిటికన్నా కోపం తెప్పించేది ఇదే. పోనీ అప్పీలు చేద్దామంటే, మోడ్‌మెయిల్ (మోడరేటర్లకు పంపే సందేశం) మళ్ళీ బ్యాన్ చేసిన బృందానికే వెళ్తుంది. వాళ్ళు 28 రోజుల దాకా మిమ్మల్ని మ్యూట్ చేయొచ్చు. వాళ్ళ పైన ఉండేది కంపెనీయే. 2023 జూన్‌లో ఏపీఐ (బయటి యాప్‌లు రెడ్డిట్ డేటా వాడుకునే దారి) ఛార్జీలకు నిరసనగా వేల సబ్‌రెడ్డిట్లు మూతపడినప్పుడు, తెరవకపోతే తప్పిస్తామని మోడరేటర్లనే హెచ్చరించింది.

వికీపీడియాలో నిర్వాహకులూ వాలంటీర్లే. అయితే ఎవరినైనా నిరోధిస్తే (బ్లాక్ చేస్తే) తేదీ, నిరోధించినవారి పేరు, గడువు, కారణం లాగ్‌లో పడతాయి. ఖాతా లేనివాళ్ళూ చదవొచ్చు. ఇంగ్లీషు వికీలో నిరోధం ఎత్తేయమని పెట్టుకున్న విన్నపాన్ని మామూలుగా వేరే నిర్వాహకులు పరిశీలిస్తారు. ఒకరి ఫోన్ నంబరు, చిరునామా లాంటివి మాత్రం చరిత్రలోంచి కూడా దాచేస్తారు, దాచాల్సిందే. నియమాల చిట్టా చాంతాడంత ఉండి కొత్తవాళ్ళు బెదిరిపోవడం దీనిలోని పెద్ద లోపం. అయినా నా ఓటు దీనికే. పేరు, కారణం అందరికీ కనపడేలా రాయాల్సి వచ్చినప్పుడు ఎవరైనా ఒకటికి రెండుసార్లు ఆలోచిస్తారు.

చాట్ బృందాల యాప్ డిస్కార్డ్‌లో సర్వర్ (అక్కడ బృందాన్ని అలాగే అంటారు) ఓనర్ మాటే శాసనం. ఎవరికి వాళ్ళు నడిపే వేర్వేరు సర్వర్ల మీద ఉండే సోషల్ నెట్‌వర్క్ మాస్టడాన్‌లో, మోడరేటర్లు నచ్చక వేరే సర్వర్‌కు మారితే ఫాలోవర్లు వస్తారు, పాత పోస్టులు రావు.

వికీపీడియా కబుర్లు చెప్పుకునే చోటు కాదు కదా అంటారేమో. కబుర్లకైతే లెమ్మీ చూడండి. రెడ్డిట్ తరహాలోనే ఉంటుంది, మోడ్‌లాగ్ అందరికీ తెరిచే ఉంటుంది. కొన్ని సర్వర్లలో మోడరేటర్ పేరు దాస్తారు గానీ, ఏం తీసేశారన్నది తెలుస్తుంది. రెడ్డిట్ అంత జనం అక్కడ లేరు. అది ఒప్పుకునే వెళ్ళాలి.