తెల్లవారుజాము అరుపులకు టైమర్ ఫీడర్: నాలుగు నెలల అనుభవం

తెల్లవారుజామున నాలుగు గంటలకు మా పిల్లి పడకగది తలుపు ముందు కూర్చొని మొదట సన్నగా, ఆపై గొంతు పెంచి అరవడం, నేను లేచి గిన్నెలో గుప్పెడు పొడి ఆహారం వేసి మళ్ళీ పడుకోవడం దాదాపు ఏడాది పాటు సాగింది. అరిచినప్పుడల్లా ఆహారం పెట్టి ఆ అలవాటును పెంచినది నేనేనని అర్థమైన తర్వాతే, పెట్టిన వేళకు దానంతటదే గిన్నెలో ఆహారం వేసే టైమర్ ఫీడర్ కొన్నాను.

అంతకు ముందు పశువైద్యుడికి చూపించాను. ఈ వరుస మారకూడదని నా గట్టి అభిప్రాయం. వయసు మళ్ళిన పిల్లులలో థైరాయిడ్ ఎక్కువ కావడం, రక్తపోటు, వినికిడి తగ్గడం, మతిమరుపు వంటివి రాత్రి అరుపులకు కారణాలు కావచ్చు. పిల్లలు పుట్టకుండా శస్త్రచికిత్స చేయించని పిల్లి ఎదకు వచ్చినా అరుస్తుంది. మగపిల్లి లిట్టర్ పెట్టెలో (మలమూత్రాలకు పెట్టే ఇసుక పెట్టె) ముక్కుతూ, మూత్రం రాక అరుస్తుంటే తెల్లవారేదాకా ఆగకుండా వెంటనే ఆసుపత్రికి తీసుకువెళ్ళాలి. ఇలాంటి బాధలను ఏ యంత్రమూ తీర్చలేదు.

మా పిల్లికి జబ్బు లేదని తేలింది. పిల్లులు సహజంగా సంధ్యవేళల్లోనూ, వేకువనూ చురుకుగా ఉంటాయి, పైగా కొద్దికొద్దిగా పలుమార్లు తినే జీవులు, కాబట్టి ఆ వేళకు వాటికి ఆకలి వేయడంలో వింత లేదు. ఫీడర్ చేసే మేలు ఒక్కటే: ఆహారం మన చేతి నుంచి కాక యంత్రం నుంచి వస్తుంది కనుక మనల్ని లేపవలసిన పని పిల్లికి ఉండదు. నేను రోజువారీ ఆహారాన్ని పెంచకుండా, అందులోనే ఒక భాగాన్ని మూడున్నరకు పడేలా పెట్టాను. అరుపు మొదలయ్యాక కాక, మొదలవడానికి ముందే పడాలన్నది ఇక్కడ కీలకం.

మొదటి ఐదు రాత్రులు అరుపులు తగ్గకపోగా పెరిగాయి. పాత పద్ధతి పనిచేయనప్పుడు పిల్లి మరింత గట్టిగా ప్రయత్నిస్తుంది. ఆ సమయంలో ఒక్కసారి లేచినా శ్రమంతా వృథా అవుతుంది. రెండో వారం చివర ఒకనాడు మెలకువ వచ్చి చూస్తే, అది తలుపు దగ్గర కాక ఫీడర్ ముందు, చెవులు నిక్కించి, తోకను కాళ్ళ చుట్టూ చుట్టుకొని నిశ్శబ్దంగా కూర్చొని ఉంది. లోపలి చక్రం గిర్రున తిరిగి గింజలు స్టీలు గిన్నెలో రాలగానే వంచిన తల, అవి అయిపోయేదాకా ఎత్తలేదు. అయితే ఈ ఫలితం యంత్రం ఒక్కదానిదే అనలేను, ఎందుకంటే పడుకునే ముందు పావుగంట ఈక కట్టిన కర్రతో వేటాడించి, ఆ వెంటనే భోజనం పెట్టడం కూడా అప్పుడే మొదలుపెట్టాను.

లోపాలు లేకపోలేదు. గింజలు జారే గొట్టం వెడల్పుగా ఉండడం వల్ల పిల్లి పంజా లోపలికి పెట్టి నాలుగైదు గింజలు లాగేస్తుంది. ఒక్కో విడతకు పడే పరిమాణం సమానంగా ఉండదు. తూచి చూస్తే 8 గ్రాముల నుంచి 12 గ్రాముల వరకు మారింది. బ్యాటరీలు వేయకపోతే కరెంటు పోయినప్పుడు గడియారం మొదటికి వస్తుంది, తడి ఆహారానికి ఇది పనికిరాదు. గింజల జిడ్డు పట్టే డబ్బాను వారానికోసారి కడిగి పూర్తిగా ఆరనివ్వాలి.

ఒకే పిల్లి ఉండి, ఆకలి వల్లనో అలవాటు వల్లనో అరుస్తున్నదని తేలిన ఇంటికి దీనిని సంకోచం లేకుండా సూచిస్తాను. రెండు పిల్లులుంటే మాత్రం బలమైనది రెండో దాని వంతు కూడా తినేసే వీలుంది కనుక, పిల్లి చర్మం కింద అమర్చే గుర్తింపు మైక్రోచిప్‌ను గుర్తించి మూత తెరిచే రకాన్ని చూసుకోవడం మేలు.