ప్రహరీకి ఏది మేలు: నిండు గోడా, గ్రిల్ గోడా, ప్రీకాస్టా?

ఇల్లు కట్టేవారు గదుల కొలతల గురించి పడే తపనలో పదో వంతైనా ప్రహరీ గురించి పడరు. పని చివరికొచ్చాక మేస్త్రీ "ఎనిమిది అడుగులు లేపేద్దామా సార్?" అంటే సరేనంటారు, నిబంధనలతో పేచీ అక్కడే మొదలవుతుంది.

జాతీయ భవన నియమావళి ప్రకారం ప్రహరీ ఎత్తు 1.5 మీటర్లు, అంటే దాదాపు ఐదడుగులు దాటకూడదు, పైన 0.9 మీటర్ల మేర గ్రిల్ వంటి ఖాళీలున్న కట్టడం ఉంటే 2.4 మీటర్ల దాకా వెళ్ళవచ్చు. ఇది నమూనా మాత్రమే కాబట్టి మీ మున్సిపాలిటీ నిబంధనలదే చివరి మాట. ఇక్కడ చాలామంది గమనించనిది ఒకటుంది. ఆ ఎత్తును మన వాకిట్లోంచి కాక, ముందున్న వీధి మధ్య గీత మట్టం నుంచి పైకి కొలుస్తారు. లోపల రెండడుగులు మట్టి పోసి మెరక చేసుకున్నవారికి ఐదడుగుల గోడ మూడడుగులే అనిపిస్తుంది, ఇంకో రెండడుగులు లేపాలన్న కోరిక అక్కడే పుడుతుంది.

అందుకే వీధి వైపు నా ఓటు సగం గోడ మీద గ్రిల్‌కే. గాలీ వెలుతురూ ఆగవు, గేటు దగ్గర నిలబడ్డ మనిషి ఎవరో లోపలికి తెలుస్తుంది, కారు బయటికి తీసేటప్పుడు రోడ్డు మీద వచ్చేవారు కనిపిస్తారు. గ్రిల్‌కు తుప్పు పట్టకుండా రంగు వేయించుకుంటూ ఉండాలి, అదొక్కటే దాని బాధ. కార్నర్ ప్లాటుకైతే ఇది దాదాపు తప్పనిసరి: మలుపు నుంచి రెండు వైపులా 10 మీటర్ల పొడవున నిండు గోడ 0.75 మీటర్లు మించరాదని, మిగతా ఎత్తు గ్రిల్‌తోనే రావాలని అదే నియమావళి చెబుతుంది. తెలంగాణలో 2012 భవన నిబంధనల ప్రకారం కూడలి మూలను స్ప్లేగా, అంటే ప్లాటు మూలను ఏటవాలుగా కోసినట్టు ఖాళీగా వదలాలి కూడా. రోడ్డు 12 మీటర్ల లోపుదైతే అది 3 మీటర్లకు 3 మీటర్లు. మూల కోల్పోయామని వాపోయేవారు ఉంటారు గానీ, ఆ మలుపులో స్కూటర్ తిప్పేది వారి పిల్లలే.

పక్కింటి వైపు మాత్రం నిండు ఇటుక గోడే నయం. కట్టే ముందు సర్వేయర్‌తో హద్దు రాళ్ళు చూపించుకోవాలి. ఉమ్మడి గోడ అనుకుంటే ఆ ఒప్పందాన్ని కాగితం మీద పెట్టుకోవాలి. పునాది వెడల్పు గోడ కంటే ఎక్కువ కాబట్టి, పైన గోడ హద్దులోనే ఉన్నా కింద అరడుగు అవతలికి పోవచ్చు. నల్లరేగడి నేలలో ప్లింత్ బీమ్ (గోడ అడుగున నేల మట్టం దగ్గర పోసే కాంక్రీటు దూలం) వేయకుండా కడితే, నేల వానలకు ఉబ్బి, ఎండలకు కుంగడంతో గోడ పగుళ్ళిస్తుంది.

ముందే పోసి తెచ్చిన కాంక్రీటు పలకలతో నిలబెట్టే ప్రీకాస్ట్ గోడ త్వరగా లేస్తుంది, ప్లాస్టరింగ్ అక్కరలేదు. గాడి ఉన్న స్తంభాల మధ్య పలకలు దింపడమే కనుక, రోడ్డు వెడల్పయితే విప్పి వెనక్కి జరుపుకోవచ్చు. అయితే పలకలు విప్పడం మనకెంత సులువో దొంగకూ అంతే సులువు. మట్టి తోపుడుకు అవి నిలవవు, కనుక లోపల మెరక పోసిన చోట వాడితే బయటికి వాలిపోతాయి. ఖాళీ ప్లాటుకు మాత్రం ఇది బాగానే సరిపోతుంది. అంత ఖర్చూ వద్దనుకుంటే రాతి కడీలు పాతి ముళ్ళ తీగ లాగించినా ఆక్రమణదారుకు హద్దు తెలుస్తుంది.