ఎడ్ షీరన్ కోసం బెంగళూరుకు: రెండు కుక్కలతో మూడు రాత్రులు

అనంతపురం వాళ్లకు హైదరాబాద్ కంటే బెంగళూరే దగ్గర. రెండు వందల కిలోమీటర్లు దాటితే చాలు. అందుకే 2025 ఫిబ్రవరిలో ఇంగ్లండ్ గాయకుడు ఎడ్ షీరన్ వస్తున్నాడని తెలియగానే, 2న హైదరాబాద్‌లో ఉన్న కచేరీ వదిలేసి బెంగళూరు తేదీలు చూశాం. 8న ఒకటి, 9న ఒకటి. అమ్మానాన్న అప్పటికి కుంభమేళాకు వెళ్లి ఉంటారు. ఇంట్లో ఓళిగ, కర్రోడు. ఓళిగ తొమ్మిదేళ్ల లాబ్రడార్, దానికి పొద్దున ఒకటి, రాత్రి ఒకటి థైరాయిడ్ మాత్ర వేయాలి. కర్రోడు మా వీధిలోనే పుట్టిన నాటు కుక్క. కొత్త మనిషి చెయ్యి చాపితే రెండడుగులు వెనక్కి వేస్తాడు. వీళ్లను ఎవరికో అప్పజెప్పి వెళ్లడం మా వల్ల కాదు.

తమ్ముడే దారి చెప్పాడు. "అక్కా, ఇద్దరం ఒకే రోజు పోవద్దు. నేను 8న చూస్తా, నువ్వు 9న చూడు. ఎవరో ఒకరం వీళ్ల దగ్గర ఉంటాం." పక్కపక్కన నిలబడి ఆ పాటలు వినాలని నాకు ఎంతో ఆశగా ఉండేది. అయినా ఇప్పుడు ఆలోచిస్తే ఆ ఒక్క నిర్ణయం వల్లే ప్రయాణం ప్రశాంతంగా గడిచింది. కచేరీకి కుక్కల్ని రానివ్వరు, రానిచ్చినా తీసుకెళ్లకూడదు. మనం 20,000 హెర్ట్జ్ వరకు వింటే అవి దాదాపు 45,000 వరకు వింటాయి. ఆ స్పీకర్ల ముందు వాటి చెవులు ఏమవుతాయో చెప్పక్కర్లేదు.

రైలు గురించి కూడా ఆలోచించాం. కుక్క మనతోనే ఉండాలంటే ఫస్ట్ ఏసీలో కూపే మొత్తం మనకే రావాలి. అది వచ్చిందో లేదో చార్టు పడేదాకా తేలదు. లేదంటే గార్డు పెట్టెలో ఉండే డాగ్ బాక్సు. ఓళిగను అందులో పెట్టే ధైర్యం నాకు లేదు. కాబట్టి మా కారే. 7వ తేదీ ఉదయం ఆరింటికి బయలుదేరి, పెనుకొండ దగ్గర ఒకసారి, బాగేపల్లి టోల్ దాటాక ఒకసారి ఆపి నీళ్లు తాగించి నడిపించాం. ఎన్‌హెచ్ 44 మీద కుక్కలతో ప్రయాణం సుఖమే. ఎండెక్కక ముందే సగం దూరం దాటేయాలి, అంతే.

మొదటి రాత్రికి హెబ్బాళ దగ్గర ఒక హోటల్ తీసుకున్నాం. ఆన్‌లైన్‌లో పెట్ ఫ్రెండ్లీ అని ఉంది. తీరా వెళ్లాక ఒక గదికి ఒక్క కుక్కే అన్నారు. రెండోదానికి 1,500 అదనం. గదిలో కుక్కను ఒంటరిగా వదలకూడదు, లిఫ్టులో ఎక్కించకూడదు, వెనక మెట్ల మీదుగా మూడో అంతస్తుకు నడిపించాలి. ఓళిగకు కీళ్ల నొప్పులు. తమ్ముడు దాన్ని ఎత్తుకుని ఎక్కాడు, ముప్ఫై కిలోలు. ముందే చెప్పి ఉంటే వేరే చోటు చూసుకునేవాళ్లం. మీరు బుక్ చేసేటప్పుడు ఫోన్ చేసి నాలుగు సంగతులు తప్పకుండా అడగండి: ఎన్ని కుక్కలు, ఏ అంతస్తు, లిఫ్టు ఉందా, కాసేపు గదిలో వదిలి వెళ్లొచ్చా. ఆ జవాబులు మెసేజ్‌లో రాయించుకోండి.

అక్కడ ఇంకో రెండు సంగతులు మేం ఊహించలేదు. 10వ తేదీ నుంచి దగ్గర్లోని యలహంక ఎయిర్ ఫోర్స్ స్టేషన్‌లో ఏరో ఇండియా విమాన ప్రదర్శన. మధ్యాహ్నం యుద్ధ విమానాల రిహార్సల్ మొదలైంది. ఆకాశం చీలినట్టు శబ్దం. కర్రోడు మంచం కిందికి దూరి రెండు గంటలు బయటికి రాలేదు. పక్కనే నేల మీద పడుకుని వాడి వీపు మీద చెయ్యి వేసి ఉంచాను. సాయంత్రం చికెన్ కోసం తమ్ముడు వీధులన్నీ తిరిగి ఉత్త చేతులతో వచ్చాడు. ఎయిర్ ఫోర్స్ స్టేషన్ చుట్టూ 13 కిలోమీటర్ల మేర జనవరి 23 నుంచి ఫిబ్రవరి 17 దాకా మాంసం అమ్మకూడదని నగరపాలక సంస్థ బీబీఎంపీ ఉత్తర్వు. వ్యర్థాలకు వచ్చే గద్దలు విమానాలకు తగులుతాయని అలా చేస్తారు. కారణం సబబే. కానీ ఉడికించిన చికెన్, అన్నం తప్ప ముట్టని ఓళిగకు ఆ పూట గుడ్లు, పెరుగన్నమే పెట్టాం. ఏరో ఇండియా రెండేళ్లకు ఒకసారి వస్తుంది. ఆ రోజుల్లో కుక్కలతో అటువైపు బస పెట్టుకోకండి.

అవసరమైతే కచేరీ పూట వదలడానికి వీలవుతుందేమోనని, కుక్కల్ని పగటిపూట చూసుకునే ఒక డే బోర్డింగ్ కూడా చూసి వచ్చాం. జాలీలు శుభ్రంగా ఉన్నాయి, ఫోన్‌కు వీడియోలు పంపుతామన్నారు. కానీ టీకా కార్డు అడగలేదు. రేబిస్, తొమ్మిది రోగాల టీకా, కెన్నెల్ కాఫ్ (కుక్కల నుంచి కుక్కలకు అంటే దగ్గు) టీకా వేయించి కార్డు తీసుకెళ్లాను. చూడను కూడా చూడలేదు. మా కార్డు చూడని వాళ్లు పక్క కుక్కల కార్డు కూడా చూడరు కదా. వెనక్కి వచ్చేశాం.

మిగతా రెండు రాత్రులు జాలహళ్లిలో ఒక ఇంటి కింది భాగం. ఈ ప్రయాణంలో నాకు బాగా నచ్చింది ఇదే. రాత్రికి 2,800, కుక్కలకు విడిగా ఏమీ లేదు. చుట్టూ ప్రహరీ, ముందు మట్టి నేల, కానుగ చెట్టు నీడ. ఇంటావిడ హిందూపురం వైపు నుంచి ముప్ఫై ఏళ్ల కింద వచ్చారట. మా యాస వినగానే "అనంతపురమా అమ్మయ్యా?" అని అడిగి, సాయంత్రానికి రాగి సంగటి చేసి, చల్లార్చి, ఉప్పు లేకుండా రెండు ముద్దలు వీళ్లకు విడిగా తీసిపెట్టారు. కర్రోడు ఆమె చేతి నుంచే తిన్నాడు. అది చూసి నాకు కళ్లు చెమర్చాయి. లోటు ఒక్కటే, వేడినీళ్లు పొద్దున ఏడు దాకానే వస్తాయి.

జాలహళ్లి ఎంచుకోవడానికి ఇంకో కారణం మెట్రో. కచేరీ నైస్ గ్రౌండ్స్ అనే మైదానంలో. అక్కడికి దగ్గరిది ఆకుపచ్చ లైను చివరి స్టేషన్ మాదావర, 2024 నవంబర్‌లోనే తెరిచారు. జాలహళ్లి నుంచి ఐదు స్టేషన్లు. తుమకూరు రోడ్డు మీద కార్లు బారులు తీరిపోతే మేం హాయిగా వెళ్లాం. తమ్ముడు 8న వెళ్లినప్పుడు పాత టికెట్ ధర, 9న నేను వెళ్లేసరికి కొత్త ధర. ఆ రోజు నుంచే ఛార్జీలు పెంచారు. పెంచినా సరే, కచేరీకి మెట్రోనే మేలు. మెట్రోలో కుక్కల్ని ఎక్కించనివ్వరు కాబట్టి ఒకరు బసలో ఉండాల్సిందే.

9వ తేదీ ఆదివారం పొద్దున నలుగురం కారులో కబ్బన్ పార్కుకు వెళ్లాం. లాల్‌బాగ్‌లోకి కుక్కల్ని రానివ్వరు, కబ్బన్‌లో రానిస్తారు. వాటి కోసం కంచె వేసిన స్థలం కూడా ఉంది. ఆదివారం లోపలి రోడ్ల మీద వాహనాలు తిరగవు. కర్రోడు ఒక బీగిల్‌తో పరుగులు పెట్టాడు, ఓళిగ వెదురు పొదల నీడలో పడుకుంది. ఎండ ముదిరేలోపు బయలుదేరి బసకు వచ్చేశాం. తర్వాత ఫోన్ చూస్తే, ఆ పూటే చర్చ్ స్ట్రీట్‌లో ఎడ్ షీరన్ మైకు పెట్టుకుని పాడాడట! పోలీసులు వచ్చి వైరు పీకేసిన వీడియో అప్పటికే అందరి ఫోన్లలో ఉంది. పార్కు నుంచి అక్కడికి అరగంట నడక కూడా ఉండదు. చాలాసేపు బాధ పడ్డాను. ఇప్పటికీ ఆ వీడియో కనిపిస్తే మనసు చివుక్కుమంటుంది.

సాయంత్రం ఆ బాధ తీరింది. వేదిక మీద ఒక్క మనిషి. గిటార్ మీద దరువు వేసి, కాలి కింది లూప్ పెడల్ నొక్కుతాడు. ఆ దరువు తిరిగి తిరిగి మోగుతుంటే దాని మీద తీగల వరుస, ఆపైన గొంతు. మన కళ్ల ముందే పాట పొరలు పొరలుగా పెరుగుతుంది. 2017లో హాస్టల్ గదిలో ఇయర్‌ఫోన్లలో విన్న గొంతు అది. తర్వాత గాయని శిల్పా రావు వచ్చింది. ఇద్దరూ కలిసి 'దేవర'లోని 'చుట్టమల్లే' అందుకున్నారు. కన్నడ దేశంలో, ఇంగ్లండ్ గాయకుడి నోట తెలుగు! నా చుట్టూ ఎంతమంది తెలుగువాళ్లు ఉన్నారో ఆ కేకతో తెలిసింది. పక్కన తమ్ముడు ఉంటే బాగుండేదని ఆ క్షణంలో గట్టిగా అనిపించింది. వాడికి ఫోన్ కలిపి చెయ్యి పైకెత్తి పట్టుకున్నాను. అవతల వాడు స్పీకర్ ఆన్ చేశాడట. ఓళిగ చెవులు రిక్కించి ఫోన్ వాసన చూసిందని చెప్పాడు.

10న ఏరో ఇండియా ట్రాఫిక్ తప్పించుకోవాలని తెల్లవారుజామున నాలుగున్నరకే కదిలాం. ఇంటావిడ అప్పటికే లేచి గేటు తీశారు. బాగేపల్లి దాటాక ఒక చికెన్ కొట్టు తెరిచి ఉంటే కిలో కొట్టించాం. ఆ పొట్లం ముందు సీటు దగ్గర ఉన్నంతసేపూ ఓళిగ తల మా ఇద్దరి మధ్యే ఉంది.